మిల్లీ కాటాతో మూడేళ్లు: ఎయిర్ పిస్టల్ పెల్లెట్ల తూకం

ఈ కాటాలో నాకు నచ్చింది ఒక్కటే, గ్రాములో ఆ మూడో దశాంశం, అంటే మిల్లీ (మిల్లీగ్రాము). 0.45 దగ్గర ఆగిపోకుండా 0.453 అని చెప్తుంది చూడండి, దానికోసమే కొన్నాను. మూడేళ్లయినా ఆ చివరి అంకె కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడటం చూస్తుంటే నాకు హాయిగా ఉంటుంది. ధర పదిహేను వందల లోపే. మిగతా వివరాలన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

నేను కొట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండును కొట్టేది. తిరుపతిలో మా మిద్దె మీద రేకుల షెడ్డు సరిగ్గా ఆ పొడవుకు సరిపోయింది. పెల్లెట్లను తూయాలన్న ఆలోచన నాది కాదు. ప్రాక్టీసులో పరిచయమైన ఒక రిటైర్డ్ పోలీసాయన, సర్వీసులో ఉన్నప్పుడు పాయింట్ 32 రివాల్వర్‌తో పోటీల్లో కొట్టినవారు, ఒక సాయంత్రం చెప్పారు. విదేశాల్లో పెద్ద క్యాలిబర్ రివాల్వర్లతో టార్గెట్ కొట్టేవాళ్లు తేలికపాటి తూటాలను సొంతంగా నింపుకుంటారట. పెద్ద కేసులో, అంటే తూటా గొట్టంలో, కొంచెం మందు పౌడరే వేస్తే లోపల చాలా ఖాళీ మిగిలిపోతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ఆ పౌడర్ ముందుకు ఒరిగి ఉందా, వెనక్కి ఒరిగి ఉందా అన్నదాన్ని బట్టి కూడా వేగం మారిపోతుంది. అందుకని కనీసం బరువుల్లోనైనా తేడా రాకూడదని బుల్లెట్టునూ తూస్తారు, పౌడర్‌నూ తూస్తారు. మనకు ఆ పని కుదరదు, తూటా తయారు చేయాలంటే ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. "నీ చేతిలో ఉన్నది పెల్లెట్ ఒక్కటే కదయ్యా, దాన్నైనా తూసుకో" అన్నారు. ఆ రాత్రే కాటా ఆర్డర్ పెట్టాను.

మొదటి ఏడాది దీన్ని తెగ మెచ్చుకున్నాను. కనిపించిన ప్రతివాడికీ కొనమని చెప్పాను. ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

నిరుడు మే నెలలో హైదరాబాద్‌లో ఒక పోటీ ఉంది. బయల్దేరడానికి ముందు రోజు రాత్రి 500 పెల్లెట్ల కొత్త డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఫ్రిజ్‌లోని ఐస్ ట్రే తీసి గళ్ల మీద బరువులు రాసి, ప్లాస్టిక్ పట్టుకారుతో ఒక్కొక్కటే పెట్టి తూస్తూ, ఏ గడిలోది ఆ గడిలో వేస్తూ పోయాను. తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంట అయింది. డబ్బా మీద 7 గ్రెయిన్లు అని ఉంది, అంటే 0.4536 గ్రాములు. నాకు మాత్రం 0.444 నుంచి 0.462 దాకా వచ్చాయి. ఇంత తేడానా అని కంపెనీని తిట్టుకుంటూ పడుకున్నాను.

పొద్దున లేచి ఎందుకో 0.455 గడిలోంచి ఒక పెల్లెట్ తీసి మళ్లీ పెట్టాను. 0.449. ఇంకోటి పెట్టాను, 0.458. మొదటిదే మళ్లీ పెడితే 0.452. ఒళ్లంతా చల్లబడిపోయింది. నాలుగు గంటల పని, సాయంత్రం ప్రయాణం, ట్రేలో ఉన్నదాంట్లో ఏ అంకెనూ నమ్మడానికి లేదు.

గాంధీ రోడ్డు సందులో మాకు తెలిసిన ఆచారి గారు ఉన్నారు, మా అమ్మ గాజులు చేసింది ఆయనే. కాటా తీసుకుని నేరుగా అక్కడికే పోయాను. ఆయన కాటా నాలుగు వైపులా అద్దాలున్న పెట్టెలో ఉంది. పని ఆపి, నా కాటాను తన బల్ల మీద పెట్టి ఆన్ చేసి వదిలేశారు. పావుగంట దాన్ని ముట్టుకోలేదు. తర్వాత తన 20 గ్రాముల రాయిని పట్టుకారుతో ఎత్తి పెట్టారు. 20.000. తీసి మళ్లీ పెట్టారు. అదే.

"కాటాకేం కాలేదు సామీ. రాత్రి ఫ్యాన్ ఏసుకోని తూసినావా?"

మే నెల తిరుపతిలో ఫ్యాన్ వేసుకోకుండా ఎవరుంటారు?

"ఫ్యాన్ కింద తూస్తే గాలిని తూసినట్టే. మేము మిల్లీకి డబ్బులు కడతాం, నువ్వు గాలికి లెక్క రాసినావు."

నా ఫోన్ కూడా కాటా పక్కనే పెట్టుకున్నానని చెబితే తల అడ్డంగా ఊపి, దాన్నీ దూరం పెట్టమన్నారు. పది తూకాలకోసారి పళ్లెం ఖాళీ చేసి సున్నాకు వస్తోందో లేదో చూసుకోమన్నారు. రాయిని చేత్తో ముట్టుకోవద్దు, చెమట కూడా తూకంలోకి వస్తుందన్నారు. చివర్లో సొరుగులోంచి ఒక గురిగింజ తీసి నా కాటా మీద వేశారు. 0.118. "మా నాయన వీటితోనే తూసేవాడు" అన్నారు. నా పెల్లెట్ బరువు నాలుగు గురిగింజల కంటే కాస్త తక్కువ. గ్రెయిన్ అంటే మొదట్లో ధాన్యపు గింజే. ఇంగ్లీషువాళ్లకు బార్లీ గింజ, మనకు గురిగింజ. అది నాకు భలే నచ్చింది.

ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి తూస్తాను. పారదర్శకంగా ఉండే స్వీట్ల డబ్బాకు ఒక పక్క చెయ్యి పట్టేంత కోసి కాటా మీద బోర్లించాను. మెడ మీద తువ్వాలు తప్పనిసరి. అదే పద్ధతిలో ఆ డబ్బాలో మిగిలినవాటిని మళ్లీ తూస్తే, దాదాపు అన్నీ ఐదారు మిల్లీల తేడాలోనే ఉన్నాయి. కంపెనీని తిట్టుకున్నది తప్పే.

ఆ హైదరాబాద్ పోటీకి తూయని డబ్బాతోనే పోయాను. 600కి 551 వచ్చింది. అంతకుముందు తూసిన పెల్లెట్లతో నాకు వచ్చేదీ అంతే. అప్పటి నుంచి మనసులో ఒక ముల్లు. తిరిగొచ్చాక మా కోచ్ సాయంతో పిస్టల్‌ను క్లాంపులో బిగించి చూశాం. ఒకే డబ్బాలో తేలికవి ఐదు, బరువైనవి ఐదు కొడితే, రెండు కార్డుల మీదా రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కార్డులు కలిపేస్తే ఏది ఏదో చెప్పలేం. లెక్క వేసుకున్నా అంతే. సెకనుకు 150 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లలో సుమారు 22 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువులో ఐదు మిల్లీల తేడా వల్ల ఆ దిగడంలో వచ్చే మార్పు పావు మిల్లీమీటరు. పిస్టల్ టార్గెట్లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అదే క్లాంపులో పెల్లెట్ తల సైజు మార్చి 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లవి కొట్టినప్పుడు మాత్రం తేడా కంటికే తెలిసింది. నా బ్యారెల్‌కు 4.50 పడింది. ఆ సంగతి ఏ కాటా చెప్పదు.

అయినా కాటాను పక్కన పెట్టలేదు, ఒక కారణముంది. ఒకసారి 0.431 చూపించింది. పళ్లెం ఖాళీ చేసి, సున్నా చూసి, మళ్లీ పెట్టినా అంతే. టార్చి వెలుగులో తిప్పి చూస్తే, డమరుకంలా ఉండే ఆ పెల్లెట్ వెనక అంచులో గోరుతో గిల్లినంత ముక్క లేదు. మామూలుగా చూస్తే నా కంటికి ఆనేది కాదు. క్లాంపులో కొడితే అది మిగతావాటికి దూరంగా, ఎనిమిదిలో పడింది. డబ్బాకు ఇలాంటివి ఒకటో రెండో దొరుకుతాయి, కొన్నింట్లో ఒక్కటీ ఉండదు. అంచు నొక్కుకుపోయినవాటి సంగతి వేరు, వాటి బరువు తగ్గదు కాబట్టి కాటాకు దొరకవు. వాటికి కళ్లే దిక్కు.

ఇంకో మాట. తూసిన పెల్లెట్ వేసుకుని నిలబడినప్పుడు షాట్ ఏడులో పడితే, అది నా చెయ్యే. టెన్షన్‌లో ట్రిగ్గర్ లాగేశానని వెంటనే ఒప్పుకుంటాను, తర్వాతి షాట్‌కు పోతాను. నాకిది చాలా పెద్ద లాభం. అందరికీ అలాగే ఉంటుందని చెప్పను.

కొనాలా వద్దా అని అడిగితే, వారానికి వంద పెల్లెట్లు కొట్టే పిస్టల్‌వాళ్లు ఆ డబ్బుతో మూడు తల సైజుల పెల్లెట్లు తెచ్చుకుని క్లాంపులో పరీక్షించుకోవడం మేలు. పొద్దున్నే లేచే అలవాటు, ఫ్యాన్ ఆపినా ఊరుకునే ఇంటివాళ్లు ఉంటే అప్పుడు కాటా. రైఫిల్ అయితే వేరు, అక్కడ పది అంటే అర మిల్లీమీటరు చుక్క, స్కోరు దశాంశాల్లో వేస్తారు. పావు మిల్లీమీటరుకు అక్కడ విలువుంది. మా చెల్లెలి కూతురు ఈ మధ్యే రైఫిల్ మొదలుపెట్టింది. నా కాటా దానికి ఇచ్చేద్దామని స్వీట్ల డబ్బాతో సహా సంచిలో సర్దాను కూడా. ఇవ్వలేకపోయాను. దానికి ఇదే రకం ఇంకోటి ఆర్డర్ పెట్టాను.