మా ట్రాక్టర్ గొలుసులు, అయిదు చలికాలాల తర్వాత

మంచులో ట్రాక్టర్ ముందుకు కదలాలనే అందరూ టైర్లకు గొలుసులు కొంటారు. నేనూ ఆ ఉద్దేశంతోనే కొన్నాను. అయితే అయిదు చలికాలాలు వాడిన మీదట, వాటి అసలు విలువ వాలు దిగేటప్పుడే తెలుస్తుందని గట్టిగా చెప్పగలను.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, సిరక్యూజ్‌కు ఉత్తరాన ఉన్న ఓస్వేగో కౌంటీలో. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి ఆ నీటి తేమను పీల్చుకొని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఈ కౌంటీలోని రెడ్‌ఫీల్డ్‌లో 2007 ఫిబ్రవరిలో పది రోజుల వ్యవధిలో 141 అంగుళాల మంచు పడింది. మా ఇల్లు రోడ్డుకన్నా ఎత్తున ఉంది. గరాజు నుంచి సుమారు 300 అడుగుల కంకర దారి, అందులో చివరి 100 అడుగులు బాగా వాలు, వాలు ముగిసేచోటే వాహనాలు వేగంగా పోయే రోడ్డు. మాది 25 హార్స్‌పవర్ ట్రాక్టర్, ముందు లోడర్ బకెట్, వెనుక మంచును దూరంగా చిమ్మే బ్లోయర్, వెడల్పాటి ఇండస్ట్రియల్ టైర్లు.

గొలుసులు లేకుండా గడిపిన తొలి ఏడాది, ఒక సాయంత్రం బకెట్ నిండా మంచు ఎత్తుకొని వాలు దిగుతున్నాను. ఆ రోజు వెనుక బ్లోయర్ తగిలించలేదు. మా బండి పెడల్ మీద కాలు తీస్తే ఆగిపోవాలి, ఆ రోజు ఆగలేదు, బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి అలాగే జారింది. బకెట్‌ను నేలకు దించడం వల్ల రోడ్డుకు పది అడుగుల దూరంలో ఆగగలిగాను. కారణం తర్వాత అర్థమైంది. ఇలాంటి చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు సాధారణంగా వెనుక చక్రాలకే ఉంటాయి, ముందు బరువెత్తితే ఆ వెనుక చక్రాలే తేలికైపోతాయి. ముందు చక్రాల డ్రైవ్ కూడా వేసి ఉంచితే ఇంజను పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది. ఆ రోజు నేను దాన్ని వేయలేదు. గొలుసులున్నా లేకున్నా, వాలు దిగేటప్పుడు ఆ లీవరు వేసే ఉంచాలని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

మొదట కొన్నవి నిచ్చెన రకం, అంటే టైరుకు అడ్డంగా మెట్లలాగా గొలుసులుండేవి. తిన్నగా పోయినంతసేపు అవి బాగా పట్టేవి, ఆ రోజుల్లో అడిగినవారందరికీ వాటినే కొనమని చెప్పాను. కాని మా దారి వాలు మధ్యలో కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. అక్కడ బండి వెనుక భాగం మెల్లగా గుంట వైపు జారేది. గొలుసులన్నీ అడ్డంగానే ఉంటే పక్కకు జారే బండిని పట్టి నిలిపేది ఏదీ ఉండదు. రెండు చలికాలాల తర్వాత వజ్రాకారపు అల్లిక ఉన్న రకానికి మారాను. ఇందులో గొలుసులు ఏటవాలుగా అల్లి ఉంటాయి కనుక నేలను ఎప్పుడూ ఏదో ఒక లింకు పట్టుకొనే ఉంటుంది, కుదుపు కూడా తక్కువ. ఆ చలికాలం మొదటిసారి నిండు బకెట్‌తో వాలు సగంలో కాలు తీసినప్పుడు బండి ఉన్నచోటనే నిలబడిపోయింది. ఆ క్షణంలో కలిగిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తుంది.

అదే జనవరిలో, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలి ఉన్న ఒక ఉదయం, ఆ నిశ్చింత చెదిరింది. గొలుసును బిగువుగా పట్టి ఉంచడానికి బయటివైపు రబ్బరు పట్టీలు వాడేవాణ్ణి. చలికి గట్టిపడిన పట్టీ ఒకటి తెగిపోయింది. బ్లోయర్ హోరులో నాకు వినబడలేదు. వదులైన గొలుసు టైరు మీద లోపలికి జరిగి, ముందుగా మడ్‌గార్డు కింద వెళ్ళే లైటు వైరును తెంపింది. ఆ తర్వాత రెండు మూడు చుట్లకే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కొని కుడి చక్రం ఆగిపోవడంతో బండి అడ్డం తిరిగింది. గట్టిపడిన మంచు మీద జాకీ నిలవలేదు, కింద పలక వేసి ఎత్తవలసి వచ్చింది. తడిసిన చేతి తొడుగు ఇనుముకు తగలగానే అతుక్కుపోయేది, లోపలివైపు కొక్కెం కంటికి కనబడదు, వెల్లకిల పడుకొని వేళ్ళతో తడిమి విప్పాలి. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో వేళ్ళ కొనలకు స్పర్శ పోయి, సాయంత్రానికి గాని తిరిగి రాలేదు.

తప్పు గొలుసుది కాదని తర్వాత కొలిచి చూస్తే తెలిసింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య గొలుసు కదలడానికి చాలినంత చోటు లేదు, పైగా గొలుసు ఒక లింకు పొడవుగా ఉంది. రెండు వెనుక చక్రాలకూ చక్రాన్ని బయటికి జరిపే ఒకటిన్నర అంగుళాల స్పేసర్లు వేయించాను, అదనపు లింకును కత్తిరించాను, రబ్బరు పట్టీల స్థానంలో స్ప్రింగులు పెట్టాను. బిగించే పద్ధతి కూడా మార్చుకున్నాను. గొలుసును గరాజు నేల మీద మెలిక లేకుండా పరిచి, కొక్కేల నోళ్ళు టైరుకు గుచ్చుకోకుండా బయటికి ఉండేలా చూసి, టైరు మీద కప్పి, లోపలి కొక్కెం ముందు వేస్తాను. టైరులో కొంత గాలి తీసి, గొలుసు బిగించి, తిరిగి గాలి నింపితే చేతితో రాని బిగువు వస్తుంది. మా టైర్లలో బరువు కోసం చక్కెర దుంపల రసం నింపి ఉంది కనుక, గాలి తీసేటప్పుడు వాల్వు సరిగ్గా పైన ఉండేలా చక్రం తిప్పుకోవాలి. లేకపోతే నల్లటి జిగురు పాకం చొక్కా మీదికి చిమ్ముతుంది. పది నిమిషాలు నడిపి, దిగి, మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు మానేస్తే మొదటిది చేసినా చేయనట్టే.

ఆగుతుందని ఇంత చెప్పినా, అది ఒత్తుకుపోయిన మంచు మీద మాట. గడ్డకట్టే వాన పడి దారి గాజులా మారిన రోజున బండి కొన్ని అడుగులు జారుతూనే ఉంది, పైగా గరాజు ముందున్న కాంక్రీటు మీద రోజూ తిప్పడం వల్ల నా గొలుసుల లింకులు అరిగి నునుపు దేలాయి. ఆ కాంక్రీటు మీద గీతలు కూడా పడ్డాయి. ముందు చక్రాలకు గొలుసులు వేయలేదు, స్టీరింగు పూర్తిగా తిప్పితే మా బండిలో అవి లోడర్ చట్రానికి తగులుతాయి. కాబట్టి బండి ఆగుతున్నా, ఆ జారుడులో అనుకున్న వైపు తిరగదు. వరి పొలంలో దమ్ము చేసే ఇనుప కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డు ఎలా పాడవుతుందో మా ఊళ్ళో చూసి పెరిగినవాణ్ణి కనుక, మీ దారి తారుదీ సమతలమైనదీ అయితే గొలుసులు కొనే ముందు వెనుక బరువు పెంచి, నాలుగు చక్రాల డ్రైవ్‌తో ఒక చలికాలం గడిపి చూడమంటాను. మా కంకర వాలుకు మాత్రం, ఇవి అరిగిపోతే మళ్ళీ ఇదే అల్లిక కొంటాను. నవంబరు మొదటి వారంలో, నేల ఇంకా పొడిగా ఉండి వేళ్ళు సరిగ్గా పనిచేస్తున్నప్పుడే బిగిస్తాను.