సిటీని తప్పించి సైకిల్ రూట్ వేసుకోడానికి బీరౌటర్: నాలుగేళ్ళు వాడాక

నాలుగేళ్ళ నుంచి నా సైకిల్ టూర్లన్నిటికీ రూట్ బీరౌటర్ వెబ్‌లోనే (బ్రౌజర్‌లో నడిచే, సైకిల్ దారి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) గీసుకుంటున్నాను, రోడ్డు మీదకెళ్ళాక ఫోన్‌లో అదే బీరౌటర్‌ని ఓస్మ్‌అండ్ అనే మ్యాప్ యాప్‌తో కలిపి వాడుతున్నాను. డబ్బులు కట్టక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు, ఓపెన్ సోర్స్. చిన్న చిన్న ఊళ్ళ మధ్య రూట్ వెయ్యడానికైతే ఏ యాప్ అయినా నడిచిపోతుంది, తేడా ఏంటో తెలిసేది దారిలో పెద్ద సిటీ అడ్డొచ్చినప్పుడే. అందుకే ఇక్కడ ఆ ఒక్క పని గురించే రాస్తున్నా.

అంతకుముందు వేరే యాప్ ఉండేది, పేరు వద్దులెండి. సిటీ లోపలికి వెళ్ళకుండా రూట్ అడిగితే అది నన్నూ మా బావనీ తిన్నగా రింగ్ రోడ్డు ఎక్కించింది. మ్యాప్‌లో చూస్తే ఎంత బాగుందో, సిటీ చుట్టూ నున్నగా ఒక గీత. ఎక్కాక తెలిసింది. రోడ్డు వెడల్పుగానే ఉంది గానీ పక్కన షోల్డర్ (అంచు గీత బయట ఉండే ఖాళీ జాగా) లేదు, పెద్ద లారీ దాటి వెళ్ళినప్పుడల్లా ముందు గాలి పక్కకి తోస్తుంది, అది వెళ్ళిపోగానే మళ్ళీ లోపలికి లాగుతుంది, ప్యానియర్లు (చక్రాల పక్కన తగిలించే బ్యాగులు) నిండుగా ఉంటే ఆ ఊపుకి హ్యాండిల్ ఆపుకోడమే పెద్ద పనైపోతుంది. అన్నిటికన్నా భయం వేసేది ఎగ్జిట్ ర్యాంపుల దగ్గర, మనం తిన్నగా పోవాలి, వెనకాల స్పీడుగా వచ్చేవాళ్ళు మన ముందు నుంచి ర్యాంపులోకి తిరగాలి, ఆ నాలుగు సెకన్లు మనం ఉన్నది సరిగ్గా వాళ్ళ దారిలో. అలాంటివి ఆరు దాటాం. దిగి ఒక చెట్టు కింద ఆగితే మా బావ చేతులు చూపించాడు, బ్రేక్ లివర్ల మీద పెట్టిన వేళ్ళు అలాగే వంగి ఉండిపోయాయి, తిన్నగా రావట్లేదు. బైపాస్ అన్నది కార్లకీ లారీలకీ వేసిన దారి, సైకిల్‌కి కావాల్సిన బైపాస్ వేరే అని ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత కూర్చుని కాగితం మీద లెక్క వేశాను, ఇది చాలామంది ఆలోచించరు. సిటీ అడ్డంగా 20 కిలోమీటర్లు ఉంది అనుకోండి, గుండ్రంగా ఉంది అనుకుందాం. సిటీ అంచు దాకా వచ్చేసి అక్కడ్నుంచి చుట్టూ తిరిగితే అర్ధ వృత్తం, అంటే 31 కిలోమీటర్లు పైన, లోపల నుంచి వెళ్తే పడే 20తో పోలిస్తే 11 ఎక్కువ. అదే సిటీ మధ్య నుంచి 30 కిలోమీటర్ల దూరంలో ఉండగానే కొంచెం కొంచెం పక్కకి జరుగుతూ వచ్చి, అంచుని అలా తాకి, అటువైపు కూడా అలాగే నెమ్మదిగా కలిస్తే 60 కిలోమీటర్ల ప్రయాణం 63న్నర కిలోమీటర్ల లోపే అవుతుంది. మూడున్నర కూడా తేడా లేదు! రోడ్లు అంత తిన్నగా ఉండవు కాబట్టి నిజంలో ఇంకాస్త పెరుగుతుంది, అయినా సరే. సిటీ బోర్డు కనపడ్డాక తప్పించుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం, ముందు రోజు సాయంత్రం ఎక్కడ ఆగుతున్నామో దాన్ని బట్టే సగం పని తేలిపోతుంది.

బీరౌటర్‌లో దీన్ని చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. మ్యాప్ మీద నో-గో ఏరియా అని ఒక గుండ్రం గీస్తాం, సైజు లాగి పెంచుకోవచ్చు, గుండ్రం సరిపోకపోతే మూలలు మూలలుగా కూడా గీసుకోవచ్చు. గీయగానే రూట్ రబ్బరు బ్యాండ్‌లా పక్కకి జరిగిపోతుంది, ఎన్ని కిలోమీటర్లు పెరిగిందో అక్కడే కనపడుతుంది. నేను ముందు సిటీ నడిబొడ్డు మేరకే చిన్న గుండ్రం పెట్టి చూస్తాను, తర్వాత పెంచుకుంటూ పోతాను, ఒక సైజు దాటాక రూట్ ఉన్నట్టుండి ఎడమ వైపు నుంచి కుడి వైపుకి దూకుతుంది, అక్కడ ఆగి రెండు వైపులూ పోల్చి చూస్తాను. ప్రొఫైల్ (ఏ రకం రోడ్లు కావాలో చెప్పే సెట్టింగ్) మాత్రం ట్రెక్కింగ్ పెట్టుకోండి, పేరు చూసి నడక అనుకోవద్దు, అది టూరింగ్ సైకిల్ కోసమే. దాని ఆప్షన్లలో పెద్ద ఊళ్ళని వీలైనంత తప్పించు అని ఒక టిక్ కూడా ఉంది, ట్రాఫిక్ తక్కువున్న రోడ్లు చూడు అని ఇంకోటి. అవి బాగానే పనిచేస్తాయి, అయినా నో-గో గీతనే నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఏ సిటీ ఎంతవరకు ఇబ్బందో నాకు తెలిసినట్టు దానికి తెలీదు.

లోపల లెక్క కూడా దాచిపెట్టలేదు, ప్రొఫైల్ అంతా చదువుకోగలిగే టెక్స్ట్. ఒక రకం రోడ్డుకి కాస్ట్ 2 అని ఉంటే ఆ రోడ్డు మీద 1 కిలోమీటరుని 2 కిలోమీటర్లుగా లెక్కేస్తుంది, అంతే. మెయిన్ రోడ్డు నాకు అస్సలు వద్దు అనుకుంటే ఆ నంబర్ పెంచుకోవచ్చు, నేను పెంచుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. సిటీ చుట్టూ వెళ్ళే రూట్‌ని నిర్ణయించేది రోడ్లు కావు, దాటే చోట్లు. నది ఉంటే వంతెనలు, రైలు పట్టాలుంటే గేట్లూ అండర్‌పాస్‌లూ, హైవేలుంటే వాటి కింద నుంచి పోయే సందులు. సిటీ నుంచి నాలుగు వైపులకీ పెద్ద రోడ్లు చక్రం ఆకుల్లా బయటికి వస్తాయి కదా, చుట్టూ తిరిగేవాడు వాటిలో రెండో మూడో అడ్డంగా దాటక తప్పదు. మధ్యలో ఉండే పల్లెటూరి రోడ్లు ఎటు తిరిగినా ఇంచుమించు ఒకటే, రోజు బాగా గడిచిందా లేదా అనేది ఆ దాటిన చోట్లలోనే ఉంటుంది. అందుకని నేను రూట్ వెయ్యడం మొదటి నుంచి చివరికి కాకుండా వంతెనలతో మొదలుపెడతాను. నది వెంబడి మ్యాప్‌లో వేలు పెట్టి పోతూ ఎన్ని వంతెనలు ఉన్నాయో, ఏది చిన్న రోడ్డుదో, ఏది హైవేదో చూసుకుని, చిన్నది ఒకటి ఎంచుకుని అక్కడ పాయింట్ పెట్టేస్తాను, మిగతాది బీరౌటర్ కలుపుతుంది. ఒకసారి బావ పక్కనే కూర్చుని "బావా, ఇంకొంచెం కిందకి జరిపి చూడు, అక్కడేదో సన్నగా గీత ఉంది" అన్నాడు. చూస్తే కాలువ గట్టు మీద పాత చిన్న వంతెన, కార్లు పోనివ్వకుండా అడ్డంగా రెండు స్తంభాలు. దాని కోసం 5 కిలోమీటర్లు ఎక్కువ తొక్కాం, ఆ టూర్ మొత్తంలో అంత ప్రశాంతంగా నీళ్ళు దాటింది అక్కడొక్కచోటే.

అనాలిసిస్ ట్యాబ్ తప్పకుండా తెరవండి. ఎన్ని కిలోమీటర్లు మెయిన్ రోడ్డు, ఎంత తారు, ఎంత కంకర, ఎంత మట్టి అని విడదీసి చూపిస్తుంది. నేను మొదట చూసేది మాత్రం ఎంత దూరానికి సమాచారమే లేదు అన్నది. బీరౌటర్‌కి తెలిసిందంతా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మనలాంటి వాళ్ళు 2004 నుంచి నింపుకుంటూ వచ్చిందే, ఎవరూ రాయని సంగతి దానికి తెలిసే దారి లేదు. రెండో ఏడాది ఒక పొలాల దారి పట్టాను, దానికి సర్ఫేస్ ట్యాగ్ (తారా, మట్టా అని మ్యాప్‌లో రాసే గుర్తు) లేదు, మామూలు రోడ్డే అనుకున్నాను. ముందు రాత్రి వాన పడింది. జిగట మట్టి, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగడమే ఆగిపోయింది, పుల్లతో గీకుతూ, పది అడుగులు తోస్తూ, మళ్ళీ గీకుతూ 2 కిలోమీటర్లకి గంటన్నర పట్టింది. ఇంటికొచ్చాక మొదట చేసిన పని ఆ దారికి మట్టి అని ట్యాగ్ పెట్టడం. తర్వాత కొన్నాళ్ళకి అదే చోట రూట్ వేసి చూస్తే బీరౌటర్ ఆ దారి వదిలేసి పక్క ఊరి మీదుగా తిప్పింది, అది చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మీరు తొక్కిన దారికి ట్యాగ్ లేకపోతే దయచేసి పెట్టండి, ఇంకొకరికి గంటన్నర మిగులుతుంది.

ఎత్తుపల్లాల లెక్కలో ఒక తమాషా ఉంది, ట్రెక్కింగ్ ప్రొఫైల్ ఎక్కుడికి కాకుండా దిగుడుకి జరిమానా వేస్తుంది, ఒకటిన్నర శాతం కన్నా వాలు ఎక్కువుంటే అక్కడ దిగే ప్రతి మీటరుకీ 60 మీటర్ల దూరం కలిపినట్టు. కష్టపడి ఎక్కింది అనవసరంగా పోగొట్టుకోవద్దనే ఆలోచన, తొక్కేవాళ్ళకి అది వెంటనే అర్థమవుతుంది. ఎత్తుల డేటా ఎక్కువ భాగం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచింది, కాబట్టి లోయ మీద వంతెనా, కొండ తవ్వి వేసిన రోడ్డూ దానికి సరిగా కనపడవు, అలాంటిచోట గ్రాఫ్‌లో గోడలాంటి ఎక్కుడు కనిపిస్తే కంగారు పడకండి.

గీసిన దారిని జీపీఎస్ డివైస్‌లోకి తీసుకెళ్ళే జీపీఎక్స్ ఫైల్ దించుకునేటప్పుడు జాగ్రత్త. డివైస్‌లో దాన్ని ట్రాక్‌లాగే, అంటే గీసిన గీత గీసినట్టే, పెట్టుకోవాలి. రూట్‌లా లోడ్ చేస్తే కొన్ని డివైస్‌లు మధ్యలో తమ సొంత లెక్క వేసేస్తాయి, మీరు ఇంత కష్టపడి తప్పించిన సిటీలోకే మళ్ళీ తీసుకెళ్తాయి. నాకు జరిగింది, గమనించేసరికి 6 కిలోమీటర్లు లోపలికి వెళ్ళిపోయాను.

ఇక దీనితో అవ్వనిది, ఏ టైములో ఏ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పడం. ఇప్పుడున్న ట్రాఫిక్ దీనికి తెలీదు, స్కూళ్ళు వదిలే వేళ తెలీదు, ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ తెలీదు. సిటీకి బయట గోడౌన్లు, ఫ్యాక్టరీలు ఉండే పట్టీ మ్యాప్‌లో ఖాళీగా, ప్రశాంతంగా కనపడుతుంది గానీ మామూలు రోజుల్లో అక్కడ లారీలు తప్ప ఏమీ ఉండవు. అందుకే సెలవు రోజైతే నేను ఈ బైపాస్ గొడవంతా వదిలేసి తెల్లవారుజామున 5కే బయల్దేరి సిటీ మధ్య నుంచే పోతాను, ఖాళీ రోడ్లు, ఆరిపోయిన సిగ్నళ్ళు, 7 అయ్యేసరికి అవతల. మామూలు రోజు ఆ తప్పు చెయ్యను.

ఫోన్‌లో అంతా ఆఫ్‌లైన్‌గానే నడుస్తుంది, సిగ్నల్ లేనిచోట దారి తప్పినా అక్కడికక్కడే కొత్త రూట్ ఇస్తుంది. అయినా సిటీ దాటే రోజున ఒక చీటీ రాసి హ్యాండిల్‌బార్ బ్యాగు మీద అంటించుకుంటాను. చెమటకి చెరిగిపోకుండా పైన టేపు. పోయినసారి చీటీలో నాలుగే లైన్లు: 18వ కిలోమీటరు దగ్గర రైల్వే అండర్‌పాస్, 27 దగ్గర హైవే కింద సందు, 34 దగ్గర చిన్న వంతెన, 41 దగ్గర మళ్ళీ మన రోడ్డు.