మొదటి కారుగా పాత హోండా జాజ్: వెనక సీట్లోంచి ఒక సమీక్ష

మా ఇంట్లో ఇదే మొదటి కారు. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, ఆవిడ మడత చక్రాల కుర్చీ, వీటన్నింటికీ సరిపోయే బండి కావాలి; చేతిలో ఉన్న డబ్బు మాత్రం కొత్త కార్లలో అన్నిటికన్నా చిన్నదానికే సరిపోతుంది. అందుకని కొత్తదీ చిన్నదీ కొనాలా, వాడినదే అయినా కాస్త పెద్ద మనసున్నది కొనాలా అన్న మీమాంసలో నాలుగు వారాలు తిరిగి, చివరికి మూడో తరం హోండా జాజ్, పెట్రోలు, మాన్యువల్ గేర్లది, వాడిన బండినే తీసుకున్నాం. ఏడాదికి పైగా నడిపాక ఈ మాటలు రాస్తున్నాను.

కారు చూడటానికి వెళ్లినవాళ్లు నేరుగా డ్రైవరు సీట్లో కూర్చుంటారు. స్టీరింగు ఎలా తిరుగుతోందో, తెర ఎంత పెద్దదో చూసి సగం నిర్ణయం అక్కడే చేసేస్తారు. మేమూ అదే చేశాం. మొదట మనసుపడినది మరో కంపెనీ సెడాన్. చూపుకి బాగుంది, ధర కూడా మాకు అందుబాటులోనే ఉంది. మా అత్తగారు వెనక తలుపు తీసి, తల వంచి, ఒక చేత్తో పైకప్పు అంచు పట్టుకుని ఎలాగో కూర్చున్నారు గానీ, బయటికి రావడానికి ఇద్దరం చేయి అందించాల్సి వచ్చింది. "బండిలోకి ఎక్కుతారు గానీ, ఇలా బావిలోకి దిగినట్టు దిగడమేమిటమ్మా?" అన్నారు. మేం కాగితం మీద రాసుకున్న అంశాల్లో సీటు ఎత్తు అన్న మాటే లేదు. ఆ రోజు నుంచి ఏ కారు చూసినా ముందు ఆవిడ వెనక కూర్చుని లేచాకే మేం ముందు సీట్లోకి వెళ్లేవాళ్లం.

జాజ్ మా ఇంటికి కుదరడానికి అసలు కారణం ఇంధన ట్యాంకు. ఇలాంటి చిన్న కార్లలో చాలావాటికి ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది. 2001లో జపాన్‌లో ఫిట్ పేరుతో ఈ కారును మొదటిసారి విడుదల చేసినప్పుడే హోండా ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపింది. చెప్పుకోవడానికి చిన్న మార్పులా ఉంటుంది గానీ, దానివల్ల వెనక సీటు కింద చోటంతా ఖాళీ అయింది. సీటు అడుగుభాగాన్ని ముందు అంచు పట్టుకుని పైకి లేపితే అది వీపు భాగానికి ఆనుకుని నిలబడుతుంది, కింద ఉన్న ఇనుప కాలు మడుచుకుంటుంది. అప్పుడు ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య, నేల నుంచి పైకప్పు దాకా దాదాపు నాలుగడుగుల ఎత్తున చోటు ఏర్పడుతుంది. మడిచిన చక్రాల కుర్చీని పక్క తలుపులోంచి నిలువుగానే అందులోకి నెట్టేస్తాను. డిక్కీ దాకా మోయడం, పడుకోబెట్టడం, మళ్లీ ఎత్తడం అన్న బాధ లేదు. మొదటి వారం ఆ మడత కాలు సరిగ్గా పడక రెండుసార్లు వేలు నలిగింది. ఇప్పుడు చూడకుండానే వేస్తున్నాను.

ఇదే సీటు వీపు భాగాన్ని ముందుకి వాలిస్తే అడుగుభాగం కూడా కిందికి కుంగి, డిక్కీ నేల దాదాపు చదునుగా సాగుతుంది. అలా వాల్చకుండానే డిక్కీలో 354 లీటర్ల చోటుంది. మొత్తం పొడవు నాలుగు మీటర్లకు లోపే ఉన్న బండికి ఇది ఎక్కువే. అయితే కొనేముందు మాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ వెనక సీటు 60, 40 పాళ్లలో రెండు ముక్కలుగా ఉంటుంది. పిల్లల సీటు బిగించిన వైపు అడుగుభాగాన్ని లేపడం కుదరదు. కాబట్టి పిల్లల సీటు ఏ ముక్క మీద పెట్టాలో, చక్రాల కుర్చీకి ఏ వైపు వదలాలో, అత్తగారు ఎటు కూర్చోవాలో ముందే తేల్చుకోవాలి. ముగ్గురు వెనక కూర్చుని కుర్చీ కూడా రావలసిన రోజున అది డిక్కీలోకే వెళ్తుంది, సీటు ఎంత మహత్తు చూపించినా. పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు వీపుకూ అడుగుకూ మధ్య సందులో దాగి ఉంటాయి. వాడిన బండి చూసేటప్పుడు ఆ సందులో వేళ్లు పెట్టి ఇనుప కడ్డీలు తగులుతున్నాయో లేదో చూసుకోవాలి.

భద్రత విషయానికొస్తే, ఈ మూడో తరం జాజ్‌కు 2015లో, యూరప్‌లో కార్లను గుద్దించి భద్రత కొలిచే యూరో ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఆ మాట చూసి నేనూ సంతోషించాను గానీ, ఆ నక్షత్రాలు ఆ ఏటి కొలమానం ప్రకారం, అక్కడ అమ్మిన కారులో ఉన్న సామగ్రితో వచ్చినవి. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో అమ్మే కార్లలో ఎయిర్‌బ్యాగుల సంఖ్య వేరుగా ఉండవచ్చు, జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉండకపోనూవచ్చు. కొనబోయే బండిలో ఏమున్నాయో ఆ బండినే చూసి లెక్కపెట్టాలి.

వాడిన కారు కొనేవారు ఎంత హడావుడిలో ఉన్నా రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసే విషయం, వదలకూడదు. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులను ఉబ్బించే పరికరాల్లో అమోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి అది పాడైతే, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బీ పగిలి ముక్కలు లోపలున్నవారి మీదికి దూసుకొస్తాయి. అనేక కంపెనీల కార్లను ఇందుకోసం వెనక్కి పిలిచారు, టకాటా 2017లో దివాలా తీసింది. ముందు తరాల జాజ్, ఫిట్ కార్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మీ డబ్బుకు ఆ తరం బండే అందేటట్టయితే, 17 అక్షరాల ఛాసిస్ నంబరు తీసుకుని, ఆ భాగం మార్చారో లేదో కంపెనీ వద్ద సరిచూసుకున్నాకే బయానా ఇవ్వండి. మార్చడానికి డబ్బు తీసుకోరు. మార్చని బండిని నడపడం మాత్రం ప్రమాదం.

ఇక కొనే పద్ధతిలో మేం నేర్చుకున్నవి. ఒక అమ్మకందారు దగ్గర మొదట చూసిన బండి బానెట్ మీద చేయి వేస్తే వేడిగా తగిలింది. మేం వస్తున్నామని ఇంజన్ ముందే నడిపి ఉంచారట, "తిప్పలు లేకుండా" అన్నారు. చల్లటి ఇంజన్ మొదటిసారి అందుకునేటప్పుడు వచ్చే చప్పుడూ పొగా మాకు తెలియకూడదన్నదే దాని భావమని తర్వాత మెకానిక్ చెప్పాడు. మర్నాడు ముందుగా చెప్పకుండా వెళ్తే అదే బండి నాలుగోసారికి గానీ అందుకోలేదు. మేం తీసుకున్న దాన్ని ఉదయాన్నే, చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి మేమే తిప్పాం.

ఆ రోజు మెకానిక్ టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూపించాడు: 2319. అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి లోతు బాగానే ఉంది, పైకి కొత్తదానిలాగే ఉంది. కానీ రబ్బరు వాడకంతోనే కాదు, వయసుతోనూ గట్టిపడుతుంది. నాలుగు టైర్లూ మార్చాల్సిందేనన్న ఆ ఒక్క మాటతో బేరంలో మాకు కొంత తగ్గింపు దొరికింది. మేం చేసిన మంచి పని ఏమైనా ఉంటే, ఉన్న డబ్బంతా బండికే పెట్టకుండా అయిదో వంతు పక్కన పెట్టుకోవడం. టైర్లు, బ్యాటరీ, బీమా, పేరు మార్పిడి, అన్ని ద్రవాల మార్పిడి కలిపి ఆ అయిదో వంతును మొదటి మూడు నెలల్లోనే తినేశాయి. అది లేకపోతే కారు ఇంటి ముందు నిలబడి ఉండేది, మేం బస్సులోనే తిరిగేవాళ్లం.

ఈ పెట్రోలు ఇంజన్‌లో, లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టు బదులు చైను ఉండటం ఇరుకు లెక్కల్లో బతికేవాళ్లకు ఊరట. బెల్టయితే గడువుకు మార్చాలి, అది పెద్ద ఖర్చు. చైనుకు ఆ గడువు ఉండదు. అలాగని దాన్ని మరిచిపోవచ్చని కాదు, ఇంజన్ ఆయిల్ వేళకు మార్చకపోతే చైనూ అరుగుతుంది. సీవీటీ గేర్లది, అంటే గేర్లు దానంతట అదే సర్దుకునే రకం, కొనేవారు ఆ గేరుబాక్సు ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో రశీదులు అడగాలి. మేం మాన్యువల్ వైపు మొగ్గడానికి కారణం రశీదులు దొరక్కపోవడమే, నడకలో తేడా కాదు.

నడకలో ఈ కారు మర్యాదస్తురాలు. సన్న వీధుల్లో సులువుగా తిరుగుతుంది, కిటికీ అద్దాలు పెద్దవి, ముందు తలుపు స్తంభం దగ్గర అదనంగా ఉన్న చిన్న కిటికీ వల్ల మలుపులో నడిచేవాళ్లు కనిపిస్తారు. అయిదుగురం ఎక్కి, డిక్కీ నింపి, ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం ముందుగానే గేరు దించాలి. ఎవరినైనా దాటాలంటే ఆలోచించాలి. పెద్దవాళ్లే అయిదుగురు రోజూ ప్రయాణించే ఇంటికీ, వారానికోసారి కొండ దారి పట్టేవారికీ నేను దీన్ని సిఫారసు చేయను. స్పేర్ టైరు ఉందో, దాని బదులు పంక్చర్ కిట్టు ఇచ్చారో డిక్కీ నేల ఎత్తి చూసుకోవడం కూడా అవసరం.

మా అత్తగారు ఇప్పుడు తలుపు తీసి, వెనక్కి తిరిగి, సీటు మీద కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటారు. చేయి అందించడానికి వెళ్తే, అక్కర్లేదు, కుర్చీ సంగతి చూడమంటారు.