విశాఖ సముద్రపు గాలిలో యూపీవీసీ కిటికీలు: స్లైడింగ్ తలుపు అడుగు గాడి మీద నా ఫిర్యాదు

ధర, రంగు, గాజు మందం గురించి నేను రాయను. దుకాణంలో అడిగితే ఎవరైనా చెబుతారు. నేను రాయదలచింది స్లైడింగ్ తలుపు కింది చట్రంలో ఉండే గాడి గురించి, అందులో చేరిన నీరు బయటికి పోవడానికి పెట్టే చిన్న రంధ్రాల గురించి. తుపాను తాకని ఊళ్లలో ఈ గాడిని ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లో మాత్రం వాయుగుండం అన్న వార్త వినగానే నేను ముందు వెళ్లి చూసేది దాన్నే.

మాది పెదవాల్తేరులో ఐదో అంతస్తు. పడకగదుల కిటికీలు తూర్పున సముద్రం వైపు, హాలు బాల్కనీ పడమటి వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాత అల్యూమినియం కిటికీల రెక్కలు గాడుల్లోంచి ఊడిపోయాయి. వాటికి అతుకులు వేసి కొంతకాలం నెట్టుకొచ్చి, 2016లో అన్నిటినీ యూపీవీసీకి, అంటే గట్టి ప్లాస్టిక్ చట్రాలకు, మార్చాం. తూర్పున బయటికి తెరుచుకునే రెక్కల కిటికీలు, బాల్కనీకి స్లైడింగ్ తలుపు. ఆ తర్వాత కొన్నేళ్లు ఎవరు అడిగినా వీటిని మెచ్చుకుంటూనే చెప్పాను. నా మాట విని మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొందరు వేయించుకున్నారు. కాబట్టి తర్వాత తెలిసినవి కూడా వాళ్లకు చెప్పాలి.

2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖలో ఆ రాత్రి కురిసిన వాన ముప్పై సెంటీమీటర్లు దాటింది. గాలి హుద్‌హుద్‌తో పోల్చదగినది కాదు. ఆ ధైర్యంతోనే తలుపులు గడియ వేసి, సముద్రం వైపు కిటికీల దగ్గర పాత దుప్పట్లు పరిచి పడుకున్నాం. కరెంటు పోయింది. అర్ధరాత్రి దాటాక అత్తయ్య మంచినీళ్ల కోసం లేచి, హాల్లోంచి పిలిచారు: "అమ్మాయీ, బాల్కనీ తలుపు కింద ఏదో చప్పుడవుతోంది చూడు."

టార్చి వేసి చూస్తే గాడి నిండా నీళ్లు. నిలిచిన నీళ్లు కూడా కావు. రంధ్రాల్లోంచి గాలి లోపలికి తోసుకొస్తూ ఉంటే ఎసరు మరిగినట్టు బుడగలు లేస్తున్నాయి, తుంపరలు లోపలి గచ్చు మీదికి ఎగురుతున్నాయి. ఈదురు గాలి కొట్టిన ప్రతిసారీ నీటిమట్టం పెరిగి, లోపలి అంచు దాటి హాల్లోకి జారుతోంది. గాలి తగ్గితే మళ్లీ గాడిలోకి దిగుతోంది. తువ్వాళ్లు కుక్కాం. అవి నానడానికి ఎంతోసేపు పట్టలేదు. అల్మరా అడుగున ఉన్న పుస్తకాలు పైకెత్తి, సోఫా కాళ్ల కింద ఇటుకలు పెట్టి, నేనూ మావారూ వంతులవారీగా బకెట్టులోకి పిండుతూ కూర్చున్నాం.

అప్పుడొకటి జరిగింది. వంటింట్లో తూర్పు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం ఉంది. దాని రేకు మూత టపటప కొట్టుకుంటూ ఉంటే చప్పుడు భరించలేక అత్తయ్య ఒక అట్టముక్క అడ్డం పెట్టి, పైన పీట ఆనించారు. అంతే, ఇక్కడ గాడిలో బుడగలు సగానికి సగం తగ్గాయి. కాకతాళీయం అనుకుని మావారు వెళ్లి అట్ట తీశారు. మళ్లీ నీళ్లు ఉబికాయి. పెడితే తగ్గాయి. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది తువ్వాళ్లు కాదు, ఆ అట్టముక్క.

దీని వెనుక కారణం సివిల్ ఇంజనీరు అయిన మా తమ్ముడు తర్వాత వివరించాడు. గాలి కొట్టే వైపు, అంటే ఆ రాత్రి మాకు పడమటి బాల్కనీ వైపు, ఒత్తిడి ఎక్కువ. దానికి ఎదురు వైపు గోడ మీద పీడనం తగ్గి, అక్కడ కన్నం ఉంటే ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంది. ఇంట్లో పీడనం పడిపోయేకొద్దీ గాలి కొట్టే వైపు నుంచి నీరు మరింత బలంగా లోపలికి వస్తుంది. ఆ కన్నం మూస్తే తేడా తగ్గుతుంది. పాతకాలంలో పెద్దవాళ్లు గాలివానకు ఒక వైపు కిటికీ తెరిచి ఉంచమనేవారు. మా ఇంటి అనుభవం మాత్రం అందుకు పూర్తిగా వ్యతిరేకం.

వానలు తగ్గాక తలుపు బిగించినాయన వచ్చి, రంధ్రాలు దుమ్ముతో, ఉప్పుతో పూడిపోయాయని, శుభ్రం చేయకపోవడమే కారణమని తేల్చేశాడు. కొంత నిజమే, రెండు రంధ్రాల్లో మట్టి గట్టిపడి ఉంది. కానీ నీళ్లు ఎక్కువగా ఉబికింది తెరుచుకుని ఉన్న రంధ్రాల్లోంచే! ఆయన ఇంకొన్ని రంధ్రాలు వేసి వెళ్లాడు. తర్వాతి గాలివానకు ఆ కొత్త రంధ్రాల్లోంచీ నీళ్లొచ్చాయి.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల గాలి నేరుగా తగిలితే ఆ ఒత్తిడి సుమారు 17 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెడుతుంది. 100 కిలోమీటర్లైతే 47 మిల్లీమీటర్లు. గాడి లోపలి అంచు ఇంతకన్నా ఎత్తు ఉంటేనే నీరు గాడిలోనే ఆగి, గాలి తగ్గాక బయటికి పోతుంది. మా తలుపుకు ఆ అంచు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. కాలికి తగలకూడదని తక్కువ ఎత్తు పెట్టామని గొప్పగా చెప్పారు. కట్టడాల మీద గాలి భారం లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకు ఇచ్చిన మూల వేగం (లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ ఊళ్లో తలుపులు అమ్మేవాళ్లు అంచు ఎత్తు గురించి ఒక్క మాటైనా చెప్పకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఇంకో సంగతి. సముద్రం వైపే జాగ్రత్త పడితే చాలదు. మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అది మనకు ఉత్తరాన, శ్రీకాకుళం వైపు తీరం దాటితే విశాఖకు గాలి వాయవ్యం నుంచి, తర్వాత పడమర నుంచి వస్తుంది. గులాబ్ అలాంటిదే. దక్షిణాన దాటితే గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి కొడుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటిన మొంథా అలాంటిది. అందుకే తుపాను ఎక్కడ తీరం దాటుతుందో వినగానే జల్లు ఏ గోడకు కొడుతుందో మేము ముందే లెక్క వేసుకుంటున్నాం.

మొంథా రాత్రి తూర్పు కిటికీలు చుక్క నీరు రానివ్వలేదు. రెక్క బయటి నుంచి చట్రానికి ఆనుకుంటుంది కాబట్టి గాలి తోసేకొద్దీ రెండింటి మధ్యనున్న రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. ఒక్క పిడి తిప్పితే గడియ పైనా కిందా పడుతుంది. ఈ కిటికీల మీద నాకున్న ప్రేమ తగ్గలేదు.

అయితే వీటికి తుప్పు పట్టదని ఇదివరకు అందరికీ చెప్పాను. ఆ మాట ప్లాస్టిక్ వరకే. రెక్కను పట్టి ఉంచే స్టీలు బందుల మీద నాలుగో ఏడాదికే గోధుమరంగు మచ్చలు వచ్చాయి, ఒక రెక్క కుంగి చట్రానికి రాసుకుంది. మామూలుగా వేసేవి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. సముద్రపు ఉప్పును తట్టుకునేది మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం. అడిగితే తెప్పిస్తారు, అడగకపోతే ఆ ఊసే ఎత్తరు. ఎండకు ఈ ప్లాస్టిక్ అల్యూమినియం కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది కాబట్టి చట్రానికీ గోడకూ మధ్య పూసిన సిలికాన్ కూడా పగుళ్లిస్తుంది. కిటికీ కింద పెచ్చులూడిన గోడను చూసి పైకప్పు కారుతోందని మేము చాలాకాలం పొరబడ్డాం.

ఇప్పుడు ఏటా రెండుసార్లు పని పెట్టుకుంటాను: రోహిణి కార్తెలో ఒకసారి, దసరాకు ముందు ఒకసారి. గాడిలో పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, చెంబుడు నీళ్లు పోసి అవి బయటికి ఎంత తొందరగా పోతున్నాయో చూస్తాను. బందులను మున్సిపల్ నీళ్లతో కడుగుతాను, మా బోరు నీళ్లు ఉప్పన. రబ్బరుకు సిలికాన్ స్ప్రే తప్ప ఏదీ రాయను. కిరోసిన్, ఇంజను నూనె తగిలితే ఈపీడీఎం అనే ఈ రకం రబ్బరు ఉబ్బిపోతుంది. బయటి రంధ్రాలకు లోపలికి మూసుకునే చిన్న రెక్కల మూతలు వేయించాను. వాటితో నీళ్లు రావడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

కొనవచ్చా అంటే, రెక్కల కిటికీలు కొనవచ్చు. ఐదో అంతస్తులో బయటి గాజు తుడవడం మాత్రం కష్టం, మేము కర్రకు స్పాంజీ కట్టి తుడుస్తాం. స్లైడింగ్ తలుపు మాలా పైన నీడ లేని బాల్కనీకి, గాలి నేరుగా తగిలే అంతస్తుకు నేను చెప్పను. పక్కన భవనం అడ్డు ఉన్నవాళ్లకు, మూడు నాలుగు అడుగుల సన్‌షేడ్ ఉన్నవాళ్లకు, హైదరాబాదులో ఉన్నవాళ్లకు బహుశా ఈ బాధే తెలియదు. మా కింది అంతస్తులో అదే తలుపు, ఎదురుగా కొత్త భవనం లేచాక వాళ్ల ఇంట్లోకి నీళ్లు రావడం లేదు. మేము మా స్లైడింగ్ తలుపును తీసేసి బయటికి తెరుచుకునే జంట తలుపు పెట్టించాలనుకుంటున్నాం. కానీ రెక్క తెరుచుకోవాలంటే బాల్కనీలో వాషింగ్ మెషీన్ ఉన్న చోటు ఖాళీ చేయాలి, దాన్ని పెట్టడానికి ఇంట్లో మరో జాగా దొరకలేదు.