లావు కొమ్మతో బోన్సాయ్: బెంగళూరు మిద్దె మీద మేపుల్ మేలా, జువ్వి మేలా?

సంక్రాంతికి బయల్దేరే ముందు మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, పెరట్లో మేపుల్ కొమ్మలు కొట్టిస్తున్నాం. మణికట్టంత లావున్నాయి. నీ బోన్సాయ్‌కి రెండు సూట్‌కేసులో పెట్టుకు రానా?" వద్దన్నాను. అది చిన్నబుచ్చుకుంది. చల్లటి దేశాల్లో ఆకులు ఎర్రబారే ఆ మేపుల్ చెట్టంటే నాకెంత ఆశో దానికి తెలుసు మరి.

వద్దనడానికి మొదటి కారణం చట్టం. నాటుకునే మొక్కైనా కొమ్మైనా బయటి దేశం నుంచి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, తెగుళ్ళు లేవని అక్కడి అధికారులిచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. బెరడు కింద ఏ పురుగు దాక్కుందో, ఏ బూజు ఉందో కంటికి కనబడదు. మన తోటలకి లేని తెగులు చేజేతులా తెచ్చిపెట్టినట్టవుతుంది. రెండో కారణం, మేపుల్ లావు కొమ్మలు ఈ ఊళ్ళో నాటి చూశాను. మన రావి, మర్రి కుటుంబంలోని జువ్వి కొమ్మా నాటాను. రెండిట్లో ఏది మేలని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

అసలు లావు కొమ్మే ఎందుకంటే, తొట్టిలో పొట్టిగా పెంచే ఈ బోన్సాయ్ చెట్టుకి వయసు కనపడేది మాను మొదలు దగ్గర. ఆకు చిన్నదవ్వడం, రెమ్మలు చిక్కబడటం నాలుగైదేళ్ళ పని. మాను లావెక్కడమే ఆలస్యం. తొట్టిలో ఉన్న మొక్క ఏడాదికి ఎంతో లావెక్కదు. నేలలో వదిలేసి, పెరగనిచ్చి, కోసి, మళ్ళీ పెరగనిస్తే ఎనిమిది పదేళ్ళకి చెయ్యంత మాను వస్తుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి నేలెక్కడిది? అందుకే అందరి కళ్ళూ లావు కొమ్మ మీదకి పోతాయి. మునగ కొమ్మ నాటినట్టు నాటేస్తే పదేళ్ళు కలిసొస్తాయని.

కలిసొస్తాయి, కానీ ఏ చెట్టుది అన్నదే ప్రశ్న.

ముందు మేపుల్ సంగతి. బోన్సాయ్ వాళ్ళు ఎక్కువగా పెంచేవి రెండు: ఆకు అరచెయ్యిలా వేళ్ళు విప్పుకునే జపాన్ మేపుల్, మూడు మొనల ఆకుండే ట్రైడెంట్ మేపుల్. జపాన్ మేపుల్ లావు కొమ్మ వేరు వెయ్యడం చల్లటి దేశాల్లోనే కష్టం. ట్రైడెంట్ అలా కాదు, మణికట్టు లావు కొమ్మ కూడా సరైన వేళకి నాటితే వేస్తుంది. సరైన వేళంటే ఆకు రాలి చెట్టు నిద్రలో ఉండి, మొగ్గ ఇంకా ఉబ్బని రోజులు. ఉత్తరాఖండ్ కొండల్లో ఉండే స్నేహితురాలు జనవరి ఆఖర్న తన ట్రైడెంట్‌ని కత్తిరించి, తడి నాచులో చుట్టి నాకు ఐదు కొమ్మలు పంపింది. మూడు మణికట్టంత, రెండు బొటనవేలంత.

మూడో వారానికే లావు కొమ్మల మీద ఆకులు! ఆనందం పట్టలేక కడియంలో ఉన్న మా మావయ్యకి ఫోటో పంపాను. ఆయన ముప్పై ఏళ్ళు నర్సరీల్లో అంట్లు కట్టిన మనిషి. వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, అది ఆకు కాదు, కొమ్మ దాచుకున్న తిండి. వేరు రాకుండా వచ్చే ఆకు అప్పుచేసి పెట్టిన విందు. రెండో చిగురు వేసి, ఆ ఆకు ముదిరాక చెప్పు." ఆయన అన్నట్టే అయింది. లావు కొమ్మకి నిలవ తిండి ఎక్కువ కాబట్టి ఆశపెట్టడమూ ఎక్కువ రోజులే. మార్చి ఎండ ముదరగానే మూడూ వారం తేడాలో వాడిపోయాయి. తవ్వి చూస్తే కోత అంచున తెల్లటి కండ కట్టింది గానీ ఒక్క వేరూ లేదు. సన్నవాటిలో ఒకటి బతికింది.

ఆ బతికిన దాన్ని చూశాకే అసలు విషయం అర్థమైంది. డిసెంబరొచ్చినా అది ఆకు రాల్చలేదు. పాత ఆకులు అంచులు మాడి అలాగే వేలాడుతుంటే, కొత్త చిగురు అక్కడొకటీ ఇక్కడొకటీ వేసింది. మేపుల్‌కి ఏటా కొన్ని వందల గంటలు ఏడు డిగ్రీల లోపు చలి తగలాలి. అప్పుడే మొగ్గలన్నీ ఒక్కసారి మేలుకుంటాయి. మన బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు మామూలుగా పదిహేను, పదహారు డిగ్రీలు. ఈ ఊరి రికార్డు చలే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. వందేళ్ళు దాటినా చెరగని ఆ చలి కూడా మేపుల్ కోరే గీత దిగలేదన్నమాట. టోక్యో బోన్సాయ్ పెంపకందార్లు 1923 భూకంపం తర్వాత ఊరు వదిలి, 1925లో ఓమియాలో బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. అక్కడ శీతకాలం రాత్రులు సున్నాకి అటూ ఇటూ ఉంటాయి. ఆ ఫోటోలు చూసి మనం ఇక్కడ తొట్టి పెట్టుకుంటున్నాం.

నా మొక్క రెండో వేసవి దాటలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను, ఇప్పుడు తలుచుకున్నా బాధే. అది చేసిన తప్పేమీ లేదు, నేనే దానికి నిద్రలేని చోటు చూపించాను.

నీళ్ళ సంగతీ చెప్పాలి. మా బిల్డింగ్‌లో వారంలో సగం రోజులు బోరు నీళ్ళే. తొట్టి అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. మేపుల్ ఆకు అంచులు మాడటానికి ఫిబ్రవరి పొడిగాలి ఎంత కారణమో ఈ నీళ్ళూ అంతే. వాన నీళ్ళు పట్టి పోస్తే కొంత మేలు. ఆర్వో మెషీన్ బయటికి తోసే నీళ్ళు మాత్రం ఏ బోన్సాయ్‌కీ పొయ్యకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఇక జువ్వి. రావి, మర్రి, మేడి కుటుంబమే. ఆయుర్వేదం వాళ్ళు మందుకి వాడే ఐదు బెరడుల్లో, అంటే పంచవల్కలాల్లో, ఒకటి. నా మేపుల్ చచ్చిపోయిన ఏడాదే మే నెల గాలివానకి మా వీధి చివర జువ్వి కొమ్మ విరిగి రోడ్డుకడ్డంగా పడింది. కార్పొరేషన్ వాళ్ళు ముక్కలు చేస్తుంటే అడిగి, మోచెయ్యంత లావుది, రెండడుగుల ముక్క తెచ్చుకున్నాను. నిలబడ్డ చెట్టు మీద రంపం పెట్టకూడదు. కర్ణాటకలో 1976 చెట్ల సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. దాని అవసరం కూడా లేదు, ఏప్రిల్, మే గాలివానలకి ఈ ఊళ్ళో ఎన్ని కొమ్మలు పడతాయో మీరూ చూస్తూనే ఉంటారు.

ఈ కుటుంబానికి కొమ్మ నుంచి వేరు దించడం పుట్టుకతో వచ్చిన విద్య. బెంగళూరు శివార్లలో రామోహళ్ళి దగ్గర దొడ్డ ఆలదమర (పెద్ద మర్రిచెట్టు) చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అసలు మాను పోయినా ఊడలే మానులై మూడెకరాల్లో చెట్టు నిలబడి ఉంది. జువ్వికి మర్రి అంత ఊడలుండవు గానీ రక్తం అదే. పైగా మన వాతావరణం దానికి కలిసొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిగాలి, నులివెచ్చదనం. మేపుల్ కొమ్మ నాటే జనవరి తర్వాత వచ్చేది ఎండ, జువ్వి కొమ్మ నాటే మే తర్వాత వచ్చేది వాన. సగం గెలుపు అక్కడే ఉంది.

నేను చేసిన పని ఇది. అడుగు కోత ఏటవాలుగా కాకుండా అడ్డంగా, తిన్నగా కోశాను. ఏటవాలుగా కోస్తే వేర్లన్నీ కింది మొన దగ్గరే గుంపుకడతాయి. తిన్నగా కోస్తే చుట్టూ వచ్చే అవకాశం ఎక్కువ. రంపం చీల్చిన అంచుని పదునైన కత్తితో నున్నగా చెక్కాలి, ఎందుకంటే వేరు పుట్టేది బెరడుకీ చెక్కకీ మధ్య ఉండే ఆ పచ్చటి జారుడు పొర నుంచే. పాలు కారడం ఆగేదాకా నీళ్ళతో కడిగాను (చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ పాలు కొందరికి దురద). అంచు చుట్టూ మాత్రం వేరు పుట్టించే హార్మోను, ఐబీఏ పొడి అద్దాను. లావు కొమ్మకి 3000 పీపీఎం కన్నా గట్టిది మేలు, 8000 దాకా వాడతారు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం కోకోపీట్ కలిపిన తొట్టిలో నాటి, కొమ్మని తొట్టికి తాడుతో బిగించాను. చాలామంది వదిలేసేది ఈ కట్టే. లావు కొమ్మ గాలికి ఒక్క వేలెడు ఊగినా దారం లాంటి కొత్త వేర్లు పుటుక్కున తెగుతాయి. పైకోతకి మైనం పూసి, పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి నీడన పెట్టాను.

జూన్ మధ్యలో చిగురు వచ్చింది. ఈసారి మురిసిపోలేదు. జులై ఆఖరికి రెండో చిగురు. ఆగస్టులో తొట్టి కంతల్లోంచి తెల్లటి వేళ్ళు బయటికొచ్చాయి. మావయ్యకి ఫోటో పంపితే "ఇప్పుడు నమ్ముతాను" అన్నాడు.

జువ్వికీ లోపాలున్నాయి. మొదటిది, కొమ్మ నుంచి వచ్చింది కాబట్టి కిందా పైనా ఒకే లావు, పైపు ముక్కలా ఉంటుంది. కొమ్మ ఎంచుకునేటప్పుడే పక్కకొమ్మ చీలిన చోటు చూసుకుని, ఆ చీలికకి పైన కోసి, పక్కకొమ్మనే కొత్త కొసగా లేపితే ఈ లోపం చాలావరకు పోతుంది. నాకు దొరికిన ముక్కకి ఆ భాగ్యం లేదు, ఇప్పుడు పైన కొత్త రెమ్మని పెంచి సరిచేసుకుంటున్నాను. రెండోది ఆకు. ఎంత గిల్లినా మేపుల్ నక్షత్రం కాదు. ఆకులు దులిపేస్తే తర్వాతి ఆకు చిన్నగా వస్తుంది, అయినా చిన్న తొట్టిలో పెద్దగానే కనిపిస్తుంది. కాబట్టి జువ్విని అరచేతి బోన్సాయ్‌గా కాక కాస్త పెద్దదిగానే పెంచాలి. కోత మానడంలో రెండూ ఇంచుమించు సమానం. ట్రైడెంట్ బెరడు చక్కగా పొంగి మూస్తుంది, జువ్వి కూడా బాగానే మూస్తుంది. కాగితం పూల చెట్టు లావు కొమ్మ కూడా సులువుగానే వేస్తుంది గానీ దాని పెద్ద కోత మూసుకోదు, లోపలి చెక్క కుళ్ళుతుంది. అందుకే దాన్ని ఈ పోటీలోకి తేలేదు.

ఇక గాలి అంటు మాట. నిమ్మకి, దానిమ్మకి మావయ్య వాళ్ళు కట్టేదే. కొమ్మ చుట్టూ ఉంగరంలా, కొమ్మ అడ్డుకొలతకి ఒకటిన్నర రెట్లు వెడల్పున బెరడు తీసి, చెక్క మీది పచ్చపొర గీకేసి, తడి నాచు చుట్టి ప్లాస్టిక్ బిగించడం. పచ్చపొర మిగిలితే గాయం మానిపోతుంది, వేరు రాదు. రెండు మూడు నెలల్లో వేర్లు కనబడతాయి. తల్లిచెట్టు నీళ్ళందిస్తూనే ఉంటుంది కాబట్టి వేరొచ్చేలోపు కొమ్మ ఎండిపోతుందన్న భయం లేదు. జపాన్ వాళ్ళు నెబారి అనే, మాను మొదలు చుట్టూ నాలుగు వైపులా పరుచుకునే వేర్లు, అంటుకి వచ్చినంత అందంగా నాటిన కొమ్మకి రావు. నాణ్యత ఒక్కటే చూస్తే నా ఓటు గాలి అంటుకే. కానీ దానికి మీ చేతిలో నిలబడ్డ చెట్టు ఉండాలి. బెంగళూరులో లావు కొమ్మలున్న మేపుల్ ఎవరింట్లో ఉంది? వీధి చెట్టుకి ఉంగరం తీయడం నేరమే. అందుకని ఇక్కడ మొదటి మెట్టు పడిన కొమ్మ నాటడం, రెండో మెట్టు అలా పెరిగిన మన సొంత చెట్టుకి అంటు కట్టడం.

మేపుల్ మీదే మనసున్నవాళ్ళకి ఒక్క మాట. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో చుట్టాలుంటే అక్కడ పెంచండి. ఊటీలో డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు మంచు గడ్డకడుతుంది, మేపుల్ కంటినిండా నిద్రపోతుంది. హిమాలయాల దిగువ కొండల్లో ఆకు పూర్తిగా రాల్చని మేపుల్ జాతి ఒకటుంది గానీ దాని ఆకు చీలికలు లేకుండా పొడుగ్గా ఉంటుంది. మేపుల్ అని ఎవరికీ చెప్పకపోతే గుర్తుపట్టరు. చెన్నై వాళ్ళైతే ఈ పేరా వదిలేసి తిన్నగా జువ్వి, మర్రి కొమ్మలకే వెళ్ళొచ్చు. అక్కడి వేడికి ఇంకా త్వరగా వేస్తాయి. ఏది కొనేముందైనా లాల్‌బాగ్ బోన్సాయ్ తోటకి ఒకసారి వెళ్ళి, ఈ ఊరి ఎండావానలకి తట్టుకుని నిలబడ్డవేవో కళ్ళారా చూడండి.

నాకు మేపుల్‌లో కావలసినవి ఏమిటని కాగితం మీద రాసుకున్నాను: లావు మొదలు, ఏడాదిలో కొన్నాళ్ళు ఆకు లేని కొమ్మల అల్లిక, ఎర్రటి రంగు. పోయిన ఫిబ్రవరిలో జువ్వి మొత్తం ఆకు రాల్చింది. పది రోజులు బోసిగా నిలబడింది. తర్వాత ఒక్కసారిగా రాగి రంగు చిగురు, పొద్దుటి ఎండ వెనక నుంచి పడితే గులాబీ ఛాయ. వీడియో కాల్‌లో చూపిస్తే మా చెల్లెలు "ఇది మేపులే కదా?" అంది.

జూన్‌లో మావయ్య వస్తానన్నాడు. జువ్వి పైరెమ్మ ఈపాటికి బొటనవేలు లావు దాటింది. దానికి గాలి అంటు ఆయన చేతే కట్టించాలి.