మే నెలలో ‘మైగ్రేషన్ స్పెషల్’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

వేసవి సెలవులకు కెన్యా సఫారీ అనుకుంటున్నవారు అడ్వాన్సు కట్టేముందు మా కథ వినండి.

నాన్న షష్టిపూర్తి సందర్భంగా అమ్మానాన్నలు, నేను, నా భార్య, పదేళ్ల మా అమ్మాయి కలిసి 2025 మే నెలలో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లాం. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ సంస్థ ‘మైగ్రేషన్ స్పెషల్’ (వలస చూపించే యాత్ర) అని అమ్మిన ప్యాకేజీ అది. కరపత్రం నిండా మారా నదిలోకి దూకుతున్న వైల్డ్‌బీస్ట్ (ఒక రకం పెద్ద జింక) మందలు, నీళ్లలో నోళ్లు తెరిచిన మొసళ్లు. ‘మే నెలలో ఇది కనిపిస్తుందా?’ అని అడిగాను కూడా. ‘వలస ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది సార్’ అన్నాడు అక్కడి కుర్రాడు. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ఏడాది పొడవునా జరిగే మాట నిజమే. ఎక్కడ జరుగుతుందో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు లక్షల జీబ్రాలు పచ్చిక కోసం వానల వెంట తిరుగుతుంటాయి. జనవరి చివరి నుంచి మార్చి దాకా పక్క దేశం టాంజానియాలో, సెరెంగెటి జాతీయ పార్కు దక్షిణాన ఉన్న పొట్టి గడ్డి మైదానాల్లో ఈనుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో సహా సెరెంగెటి మధ్య భాగం మీదుగా పడమట గ్రుమెటి నది వైపు కదులుతాయి. మారా నది దగ్గరికి వచ్చేసరికి మామూలుగా జులై చివరి రోజులు. అక్టోబరు దాకా ఆ నదిని అటూ ఇటూ దాటుతూ ఉండి, నవంబరు వానలకు మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి. అంటే మన బడులకు సెలవులిచ్చే రోజుల్లో ఆ మందలు సరిహద్దుకు అవతల, వేరే దేశంలో ఉంటాయన్నమాట.

ఇదంతా నాకు మారాలో దిగాక తెలిసింది. మందలు ఎక్కడని అడిగితే మా డ్రైవరు ‘న్యుంబు? టాంజానియా!’ అని దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. స్వాహిలీలో వైల్డ్‌బీస్ట్‌ను న్యుంబు అంటారు. అయినా ఆశ చావక నది ఒడ్డున గంటన్నర కాచుకున్నాం. నాన్న కొత్త బైనాక్యులర్‌లో అవతలి గట్టునంతా వెతికి, ‘ఏమీ లేదురా’ అంటూ దాన్ని నా చేతికిచ్చారు.

మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానల కాలం. నేల చాలాచోట్ల అచ్చం మన నల్లరేగడే. ల్యాండ్ క్రూయిజర్ అని రాసిచ్చి, పైకప్పు లేచే మామూలు వ్యాను పంపారు. రెండో రోజు సాయంత్రం అది ఇరుసు దాకా దిగబడింది. చక్రం తిరిగినకొద్దీ ఇంకా లోతుకు పోతోంది. బండి దిగడానికి లేదు. అమ్మ సీట్లోనే కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది. మరో బండివాళ్లు వచ్చి తాడు కట్టి లాగేసరికి చీకటి పడింది.

అసలు కడుపు మండింది ప్రవేశ రుసుము దగ్గర. 2024 నుంచి విదేశీ పెద్దలకు మారా రుసుము జనవరి–జూన్‌లో రోజుకు 100 డాలర్లు, జులై–డిసెంబరులో 200. మేము వెళ్లింది మే నెలలో. మా బిల్లులో వేసింది 200! అమ్మాయి టికెట్ పక్కన పెట్టినా, నలుగురికి రెండు రోజులకు 800 డాలర్లు అదనం.

మారాను మాత్రం తప్పు పట్టను. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, చీతాలు అక్కడ ఏడాదంతా ఉంటాయి. తడిసిన గడ్డిలో పిల్లను కాలితో తొక్కిపట్టి దాని చెవులు నాకుతున్న ఆడసింహాన్ని ఇరవై అడుగుల దూరం నుంచి చూశాం. సీజన్ కాదు కాబట్టి అక్కడ ఉన్నది మా బండి ఒక్కటే. ఆ ముక్కే చెప్పి, ఆ ధరకే అమ్మి ఉంటే నేను ఇది రాసేవాడినే కాదు.

నది దాటడమే చూడాలంటే వేసవి సెలవులు వదిలేసి దసరా సెలవులకు ప్రయత్నించండి. అప్పుడైనా ఖాయమని ఎవరూ చెప్పలేరు. మంద గట్టు మీద గంటల తరబడి నిలబడి వెనక్కి మళ్లిపోవచ్చు. మీరు వెళ్లే వారంలో మందలు మామూలుగా ఎక్కడ ఉంటాయో, ఏ బండి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. పార్కు రుసుమును బిల్లులో విడిగా చూపించమనండి. దానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

డబ్బు వెనక్కి ఇమ్మని మూడుసార్లు మెయిల్ పెట్టాను. మొన్న జవాబు వచ్చింది. మా అసౌకర్యానికి చింతిస్తున్నారట, వచ్చే మైగ్రేషన్ స్పెషల్‌లో పది శాతం తగ్గిస్తారట. ప్రయాణం తేదీ చూశాను. మళ్లీ మే నెలే.