కొత్త ఆపరేషన్‌ను పరీక్షించే పద్ధతుల్లో ఏది మేలు?

కొత్త మందు అమ్మకానికి రావాలంటే దశలవారీ ట్రయల్స్ దాటాలి. కొత్త ఆపరేషన్‌కు చాలా చోట్ల అంత కట్టడి ఉండదు. పేరున్న సర్జన్లు నలుగురు బాగుందంటే చాలు, మిగతావాళ్లు నేర్చేసుకుంటారు.

సర్జన్ తన పేషెంట్ల ఫలితాలను తానే నమోదు చేసి ప్రచురించడం తేలికైన పద్ధతి. ఖర్చు తక్కువ, త్వరగా తేలుతుంది. నొప్పి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇది ఘోరంగా మోసం చేస్తుంది. 1950ల్లో గుండెనొప్పి తగ్గడానికి ఛాతీలోని ఒక ధమనిని కట్టేసేవారు. చాలామందికి హాయిగా ఉండేది కూడా. 1959లో అమెరికాలో 17 మందిపై చేసిన ట్రయల్‌లో కొందరికి నిజంగానే ధమని కట్టారు, మిగతావాళ్లకు చర్మం కోసి కుట్టేశారంతే. ఎవరికి ఏది చేశారో పేషెంట్లకు తెలియదు. రెండు గుంపుల్లోనూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది! ఆ ఆపరేషన్ కాలం అక్కడితో చెల్లింది.

ఉత్తుత్తి కోత పెట్టడం అన్యాయం కాదా అంటారు. నిజమే, ఇబ్బందే. కానీ పనికిరాని ఆపరేషన్ వేలమందికి చేయడం అంతకంటే పెద్ద అన్యాయమని నా లెక్క. అందుకే నొప్పి, ఆయాసం లాంటి పేషెంటు చెబితేనే తెలిసే ఫలితాలకు నా ఓటు ఈ రకం ట్రయల్‌కే.

క్యాన్సర్‌లో ఉత్తుత్తి కోత అక్కర్లేదు. పాత పద్ధతి ఎవరికి, కొత్తది ఎవరికి అన్నది లాటరీ తీసినట్టు తేల్చి పోలిస్తే చాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అప్పటికే బాగా పాకిపోయింది. తీరా 2018లో వచ్చిన ట్రయల్ చూస్తే, నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు పెద్ద కోత పద్ధతిలో 96.5 శాతం, కొత్త పద్ధతిలో 86 శాతం.

ఇక రిజిస్ట్రీ, అంటే ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరినీ ఏళ్ల తరబడి గమనించే పట్టిక. స్వీడన్‌లో తుంటి కీళ్ల మార్పిడికి 1979 నుంచే ఉంది. లోహంపై లోహం రాసుకునే కృత్రిమ తుంటి కీళ్లు త్వరగా పాడవుతున్నాయని గట్టిగా బయటపెట్టినవి ఇలాంటి పట్టికలే. రెండేళ్ల ట్రయల్‌కు అది అందదు. కాకపోతే రిజిస్ట్రీ మోగించే గంట, కొందరు నష్టపోయాకే మోగుతుంది. కాబట్టి ఇది ట్రయల్‌కు తోడే గానీ దాని స్థానంలోకి రాదు.

అసలు టెన్షన్ ట్రయల్‌ను ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే. మరీ ముందైతే సర్జన్ చెయ్యి ఇంకా కుదరదు, మంచి పద్ధతి కూడా ఓడిపోవచ్చు. ఆలస్యమైతే అందరూ దాన్నే నమ్మేసి, లాటరీకి పేషెంట్లు గానీ డాక్టర్లు గానీ ఒప్పుకోరు. మొదటి సర్జన్ల చేతిలో పద్ధతి ఇక మారడం లేదనిపించగానే, ఇతర ఆసుపత్రులకు పాకకముందే ట్రయల్ పెట్టాలి.